నోరు లేనిదానికి హోదా

ప్రత్యేక హోదా ఎవరికిస్తారో, ఎందుకు పీకేస్తారో అర్థంకాక తల పట్టుకున్న కోనసీమ పెద్దలందరూ జైలోప్లాక్స్ చరిత్ర ఒకసారి చదవాలని మనవి.

ఇది సముద్రంలో వెయ్యి మీటర్ల పైచిలుకు లోతున, మునిగిన దుంగల్లో బతికే జీవి. చొక్కా గుండీ అంత ఉంటుంది. చేతుల్లేవు. అంచు చుట్టూ గొట్టాల్లాంటి బుల్లి కాళ్లు ఒకే వరసలో ఉంటాయి. మొదట న్యూజీలాండ్ దగ్గర దొరికిన రకానికైతే నోరూ లేదు, పేగూ లేదు. అడుగున ఉన్న పల్చటి పొరతోనే తిండి పీల్చుకుంటుందని శాస్త్రజ్ఞుల ఊహ.

సముద్ర నక్షత్రాల్లాంటి జీవులుండే ఇఖైనోడెర్మేటా అనే పెద్ద జంతు వర్గంలో అప్పటికి బతికున్న తరగతులు, అంటే పెద్ద విభాగాలు, ఐదే. 1986లో బేకర్, రో, క్లార్క్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు దీని ఒక్కదాని కోసం ఆరో తరగతి ప్రకటించేశారు. ఇదేమైనా ఢిల్లీ వెళ్లి వినతిపత్రం ఇచ్చిందా? అఖిలపక్షం వేసిందా? మనకి 2014లో సాక్షాత్తూ రాజ్యసభలో మాటిచ్చి, 2016లో ప్యాకేజీ చేతిలో పెట్టారు. నోరున్న ఐదు కోట్ల మందికి ఇదీ మర్యాద.

దుంగల సంగతి మరీ కడుపుమంట. వరదొస్తే లంకల్లో మావాళ్లు నావ మీద నిలబడి, తాడు కట్టిన కొక్కెం విసిరి, ఎర్రనీళ్లలో దొర్లుకొచ్చే మానుని ఒడ్డుకి ఈడుస్తారు. చిక్కనివి అంతర్వేది దాటిపోతాయి. అలా పోయిన కలప ఏ సముద్రంలో మునిగినా ఎవరో ఒకరు కాపురం పెట్టేస్తారు. పట్టా అడిగేవాడు లేడు, వీఆర్వో రాడు.

అయితే ఆ వైభవం నిలవలేదు లెండి. 2011లో జన్యువులు పోల్చి చూసి, ఇది సముద్ర నక్షత్రాల్లోదే, టెరాస్టెరిడే కుటుంబానికి దగ్గర చుట్టమని తేల్చారు. తరగతి రద్దు. జైలోప్లాసిడే అనే కుటుంబం పేరు మిగిలింది. ఎదగకుండానే పిల్లల్ని కనే వయసుకొచ్చేసిన నక్షత్రమని ఒక వాదన కూడా ఉంది. అలాంటివాళ్లకి మా దగ్గర కనీసం మండల స్థాయి పదవైనా ఇస్తాం.

హోదా పోయినా అది రాస్తారోకో చెయ్యలేదు, రిలే దీక్షకి టెంటు వెయ్యలేదు. నోరే లేనిది పుట్టుకతోనే నిరాహార దీక్షలో ఉన్నట్టు కదా అనొచ్చు మీరు. కానీ 1988లో పేరు పెట్టించుకున్న బహామాస్ రకానికి మాత్రం నోరూ, చిన్న పొట్టా ఉన్నాయి. శిబిరం వెనక ఇడ్లీ పొట్లం విప్పేది అదే అయ్యుంటుంది.