తూము లేని చెరువు

మాటల్ని మెత్తబరిచే కళలో అణుశాస్త్రాన్ని మించింది లేదని భాషాభిమానులు ఎందుకు గుర్తించలేదో తెలియదు. ఈ మధ్య ఆ పదకోశం ముందేసుకుని కూర్చున్నాను. ప్రాణం ఎంత హాయిగా ఉందో!

'క్రిటికల్' సంగతే చూడండి. మన ఇళ్లల్లో ఎవరికైనా క్రిటికల్ అంటే బంధువులకు ఫోన్లు వెళ్తాయి. రియాక్టర్ క్రిటికల్ అయితే మాత్రం అది పండగ. 2020 జూలైలో గుజరాత్‌లోని కాక్రాపార్ అణువిద్యుత్ కేంద్రం మూడో యూనిట్ క్రిటికల్ అయిందని సాక్షాత్తూ ప్రధానమంత్రే అభినందనలు చెప్పారు. గొలుసు చర్య తన కాళ్ల మీద తాను నిలబడిందని దానర్థమట.

ఎవరైనా అర్ధాయుష్షుతో పోతే అయ్యో పాపం అంటాం. రియాక్టర్లో పుట్టే ప్లూటోనియం-239 అర్ధాయువు 24,100 ఏళ్లు. అప్పటికైనా పీడ విరగడవుతుందా అంటే, పోయేది సగమే. మిగిలిన దాంట్లో సగం పోవడానికి మళ్లీ అంతే. 'దీర్ఘాయుష్మాన్ భవ' దీవెన తగలాల్సిన వాళ్లకే తగిలింది.

'వాడేసిన ఇంధనం' అంటే కాఫీ పిప్పిలా ఉంటుందనుకున్నాను. రియాక్టర్లోకి వెళ్లేముందు గ్లౌజులేసుకుని పట్టుకోగలిగిన కడ్డీ, బయటికొచ్చాక ఏళ్ల తరబడి నీళ్లలో మునిగి ఉండాలట. పైగా మన దేశంలో దాన్ని చెత్త అనకూడదు, వనరు అనాలి. పాత ప్లాస్టిక్ డబ్బాల విషయంలో మా ఆవిడ సిద్ధాంతమూ ఇదే.

అన్నిటికన్నా నా మనసు దోచింది కడప జిల్లా తుమ్మలపల్లె 'టెయిలింగ్స్ పాండ్'. అక్కడి ఖనిజంలో యురేనియం ఎంత పలచనంటే, టన్ను రాయి పిండితే అరకిలో కూడా రాదు. వచ్చిన పసుపుపచ్చ పొడి హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు బయల్దేరుతుంది. మిగిలిన బురదంతా పాండ్‌లోకి. ఖనిజంలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. ఇంటి పెద్ద హైదరాబాద్‌లో కాపురం పెట్టి, థోరియం, రేడియం లాంటి సంతానాన్ని ఊళ్లో వదిలేసినట్టు. అందులో రేడియం-226 అర్ధాయువు 1,600 ఏళ్లు. కుర్రది.

పక్క ఊళ్ల రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అంతా 'పరిమితుల్లోనే' ఉందని జవాబు. ఎంత చల్లని మాట!

ప్రొద్దుటూరులో ఉండే మా పెద్దనాన్నకు ఇదంతా పేపర్లోంచి చదివి వినిపించాను. పాండ్ అంటే చెరువని అర్థం కూడా చెప్పాను. ఆయన నలభై ఏళ్లు చెరువు కింద వరి పండించిన మనిషి.

"చెరువంటే తూముండాల కదరా?"

"తూము లేదు పెద్దనాయనా."

"మరి ఆయకట్టు యాడుంది?"

పదకోశమంతా తిరగేశాను. ఆ మాట లేదు. 'ఊట' మాత్రం ఉంది.

ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. "అయితే ఆ బోర్లేలే ఆయకట్టు" అన్నాడు.