విత్తనాల బండి మన ఊళ్ళకీ రావాలి

జహీరాబాద్ వైపు ఏటా సంక్రాంతి టైంకి ఎడ్లబండ్లు ముస్తాబు చేసి, గంపల్లో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, ఉలవ, అనుము, కుసుమ ఇట్టా ఎన్నో రకాల విత్తనాలు పెట్టుకుని ఆడవాళ్ళు ఊరూరూ తిరుగుతారు. పాత పంటల జాతర అంటారు. బండి ఆగిన చోట ఏ విత్తనం ఎవరింట్లో మిగిలింది, ఏది పోయింది అని రైతులంతా కూర్చుని మాట్లాడుకుంటారు. వీళ్ళంతా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళితులు. 2008లో మాచునూరులో సొంత రేడియో పెట్టుకున్నారు, 2019లో ఐక్యరాజ్య సమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజ్ కూడా అందుకున్నారు.

తెలంగాణ సంగతి మనకెందుకు అనుకోవద్దు. మన విజయవాడ బెంజి సర్కిల్ మీదుగా పోయే హైవేనే అటు జహీరాబాద్ కూడా దాటుద్ది, దూరమేం కాదు. పల్నాడు ఒకప్పుడు జొన్నకూటి సీమ. 1967లో సాగర్ కాలవలొచ్చాక నీళ్ళు పారిన చోట వరి వచ్చింది, బాగుపడ్డారు, కాదనం. కానీ కాలవ ఎక్కని బొల్లాపల్లి, వెల్దుర్తి లాంటి మెట్ట మండలాల్లో కూడా జొన్న, కొర్ర పోయి పత్తీ మిర్చీ మిగిలాయి. 2021-22లో మిర్చికి తామర పురుగు పడితే ఎంతమంది తోటలు పీకేశారో గుంటూరు యార్డులో ఎవర్నడిగినా చెప్తారు. చేలో ఉన్నది ఒకటే పంట, అది పోతే ఇంకేం లేదు, అప్పు మాత్రం ఉంది. అదే జొన్నలో కంది, అలసంద, మధ్యలో నాలుగు సాళ్ళు నువ్వులు వేసిన చేనైతే వాన ముందే ఆగినా కంది వేరు లోతుకి పోయి నిలబడుద్ది, జొన్న గింజ తగ్గినా చొప్ప గొడ్లకి మిగులుద్ది.

పటాన్‌చెరులో మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ వాళ్ళ జీన్ బ్యాంకులో లక్షకి పైగా విత్తన నమూనాలు ఉన్నాయి, అది ఉండాల్సిందే. అయితే చల్లటి గదిలో ఉన్న విత్తనానికి ఈ ఏటి ఎండ తగలదు, కొత్త పురుగు తెలీదు. ఏ కార్తెలో ఎదబెట్టాలి, ఏ కంకి విత్తనానికి ఉంచాలి, బూడిదా వేపాకూ ఎంత కలిపి దాచాలి అనేది ఇంట్లో ఆడవాళ్ళకి తెలిసిన విద్య, చేలో వెయ్యటం మానేస్తే ఒక తరంలో పోద్ది. మాకు అసలు భయం దాని గురించే.

ఇంకోటి రైతులకి గట్టిగా చెప్పాలి, ఇంటి విత్తనం దాచుకోవటం, మార్చుకోవటం, పక్క రైతుకి అమ్మటం కూడా 2001 నాటి పంట రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం ఇచ్చిన హక్కే, బ్రాండ్ పేరు పెట్టి అమ్మకూడదంతే.

మరి రైతు ఎందుకు వెయ్యట్లేదంటే కొనేవాళ్ళు లేక. కొర్రలు, అరికెలు పొట్టు తియ్యాలంటే దగ్గర్లో మిల్లు ఉండదు, రోట్లో దంచే ఓపిక ఎవరికుంది, పోనీ అమ్ముదామంటే వ్యాపారి చెప్పిన రేటే. అవే గింజలు విజయవాడ సూపర్ మార్కెట్‌లో ప్యాకెట్లో కనిపిస్తే మనం ధర చూసి పక్కన పెట్టేస్తున్నాం. అవగాహన అంటే రైతుకి క్లాసు పీకటం కాదు, తినేవాళ్ళకి కూడా తెలియాలి. గుంటూరులోనే ఉన్న, ప్రకృతి వ్యవసాయం చూసే ప్రభుత్వ సంస్థ రైతు సాధికార సంస్థ తొలకరికి ముందు నవధాన్యాలు చల్లిస్తోంది, మంచి పని, కానీ ఆ తర్వాత మళ్ళీ పత్తి ఒక్కటే వేస్తే సగంలో ఆగినట్టే.

అందుకని ప్రభుత్వాన్ని మేం అడిగేది ఇదీ. వచ్చే సంక్రాంతికి వినుకొండ నుంచి గుంటూరు దాకా విత్తనాల బండ్లు నడిపించండి, దారిలో ప్రతి హైస్కూల్ దగ్గరా ఆపండి. మెట్ట మండలానికి ఒక పొట్టు తీసే మిల్లు పెట్టి మహిళా సంఘాలకి అప్పగించండి. 2023లో బడిపిల్లలకి మొదలెట్టిన రాగి జావకి కావాల్సిన రాగులు పల్నాడు, ప్రకాశం మెట్ట రైతుల దగ్గరే కొంటామని ఎదబెట్టే ముందే రేటుతో సహా ప్రకటించండి, కోతలయ్యాక కాదు.