ఇంకెన్నాళ్లు ఈ ఓపిక?

కొత్త జట్టు తయారయ్యేదాకా మళ్లీ ఓపిక పట్టాలట! అమెరికా బేస్‌బాల్ జట్టు చికాగో వైట్ సాక్స్ అభిమానులతో ఈ మాట అనడానికి యాజమాన్యానికి అసలు నోరెలా వస్తుంది?

2016 డిసెంబరులో మన స్టార్ పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) క్రిస్ సేల్‌ని బోస్టన్ రెడ్ సాక్స్ జట్టుకి ఇచ్చేశారు. కుర్రాళ్లతో కొత్త జట్టు కడతామన్నారు. సరే అన్నాం. 2018 వరల్డ్ సిరీస్‌లో, అంటే లీగ్ ఫైనల్లో, బోస్టన్‌కి ఆఖరి అవుట్ తీసిందెవరు? ఆ సేలే! ప్రత్యర్థి బ్యాటర్ మచాడో గాల్లో బ్యాట్ ఊపి మోకాలి మీద కూలబడ్డ ఆ బంతి చూస్తే కడుపు రగిలిపోయింది. మనకేం ఒరిగింది? 2020, 2021లో ప్లేఆఫ్స్‌కి (నాకౌట్ పోటీలకి) వెళ్లడం, తొలి సిరీస్‌లోనే ఇంటికి రావడం. ఆ తర్వాత 2024లో 121 ఓటములు. అందులో వరసగా 21!

అంత జరిగాక చేసిందేంటి? ఉన్న ఒక్క గొప్ప పిచ్చర్ గారెట్ క్రోషేని పంపేశారు. ఎక్కడికి? మళ్లీ బోస్టన్‌కే! వాళ్లు ఆరేళ్లకు 17 కోట్ల డాలర్లిచ్చి అతన్ని అట్టిపెట్టుకున్నారు. ఆ పని మనవాళ్లెందుకు చేయలేదు? డబ్బు లేకనా, మనసు లేకనా?

బదులుగా వచ్చిన కైల్ టీల్ మంచి క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు), కాదనను. కానీ రేపు అతనూ స్టార్ అయి, పెద్ద జీతం ఇవ్వాల్సొస్తే ఉంచుకుంటారా, అమ్మేస్తారా? ముందు అది చెప్పండి.