చేతిలో తుపాకీ ఉంది, వేటే రాదు

1620 నవంబరు. ఇంగ్లండ్ నుంచి అమెరికాకు మేఫ్లవర్ ఓడలో వలస వచ్చినవాళ్లలో కొందరు కేప్ కాడ్ అడవిలో దారి వెతుక్కుంటున్నారు. ఒకచోట వంచి కట్టిన లేత చెట్టు, దాని కింద చల్లిన ఓక్ కాయలు కనిపించాయి. ఇదేంటా అని చూస్తుండగానే, వెనకాల వస్తున్న విలియం బ్రాడ్‌ఫర్డ్ అందులో కాలు పెట్టాడు. చెట్టు దిగ్గున లేచింది, కాలు ఉచ్చులో బిగుసుకుంది. స్థానికులు జింకల కోసం పన్నిన ఉచ్చు అది. ఇరుక్కున్న ఆ మనిషే మరుసటి ఏడాది వాళ్ల వలస ఊరు ప్లిమత్‌కు గవర్నరయ్యాడు. ఉచ్చు తాడు ఇంగ్లండ్ పనివాళ్ల తాడుకు ఏమాత్రం తీసిపోదని వాళ్లే రాసుకున్నారు. ఊరికే మెచ్చుకుని వదల్లేదు, విప్పి వెంట పట్టుకుపోయారు కూడా!

తెల్లవాడు తుపాకీతో దిగగానే అడవి లొంగిపోయిందనేది మనకు అలవాటైన కథ. నిజానికి అప్పటి మ్యాచ్‌లాక్ తుపాకీ పేలాలంటే వత్తి వెలుగుతూ ఉండాలి. వాన పడితే అంతే సంగతులు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఇంగ్లండ్‌లో జింకల వేట రాజుకు, భూస్వాములకే చెల్లేది. మామూలు మనిషి జింకను కొడితే నేరం. ఇక అక్కణ్నించి వలస వచ్చిన నేతగాడికో దర్జీకో వేట ఎక్కడ నేర్చుకునే వీలుంటుంది?

దక్షిణాన వర్జీనియాలో 1607లో వెలసిన ఇంగ్లిష్ వలస జేమ్స్‌టౌన్‌దీ అదే తంతు. మరుసటి ఏడాది చెసపీక్ బేలో చేపలు గుంపులుగా కనిపిస్తే, వలలు లేక వేపుడు పెనాలతో పట్టబోయారు. పెనం అందుకు పనికిరాలేదనుకోండి. 1609-10 చలికాలంలో గుర్రాలు, కుక్కలు, ఎలుకలు తిన్నారు. చివరికి మనిషి మాంసం దాకా వెళ్లారు. కోటలో దాదాపు 60 మందే మిగిలారు. అయితే ఈ పాపమంతా చేతగానితనానిదే అనడం అన్యాయం. కరువు ఉంది, బయట స్థానిక పౌహాటన్ తెగల ముట్టడి ఉంది. అడవిలోకి వెళ్తే ప్రాణాలతో తిరిగొస్తారన్న నమ్మకం లేదు.

ప్లిమత్‌లోనూ మొదటి చలికాలానికే 102 మందిలో సగం పోయారు. మిగిలినవాళ్లకు బతకడం నేర్పింది టిస్క్వాంటమ్ అనే స్థానికుడు. మొక్కజొన్న గింజతోపాటు ఎరువుగా చేపను పాతిపెట్టమన్నాడు. ఈల్ చేపల్ని బురదలో కాళ్లతో తొక్కి పైకి తేల్చి, ఉత్త చేతులతో పట్టి చూపించాడు. ఆయన్ని ‘స్నేహితుడు’ అని చెప్పి ఊరుకోవడం నాకు మింగుడు పడదు. 1614లో ఒక ఇంగ్లిష్ కెప్టెన్ ఆయన్ని ఎత్తుకెళ్లి స్పెయిన్‌లో అమ్మేశాడు. అక్కణ్నించి ఇంగ్లండ్ చేరి, 1619లో తిరిగొచ్చేసరికి సొంత ఊరు పటుక్సెట్ రోగాలతో తుడిచిపెట్టుకుపోయింది. ప్లిమత్ కట్టింది ఆ ఊరి నేల మీదే. ఆయనకు ఇంగ్లిష్ వచ్చిందీ ఆ చెరవల్లే.

మన తెలుగువాళ్లు కూడా అమెరికాలో లాంగ్ వీకెండ్‌గా గడిపే థాంక్స్‌గివింగ్‌కు మూలమంటారే, 1621 నాటి ఆ విందు! దానికి పక్షుల్ని ఇంగ్లిష్ వాళ్లే కొట్టారు. ఐదు జింకల్ని వేటాడి తెచ్చింది మాత్రం తమ నాయకుడు మాసాసోయిట్ వెంట వచ్చిన వాంపనోగ్ తెగవాళ్లు.