పది చావులు గుండెపోట్లుగా ఎలా చెల్లిపోయాయి? తీయాల్సింది ఆ సినిమా

పోస్టర్ మీద 'నిజ ఘటనల ఆధారంగా' అన్న ఒక్క లైను ఉంటే చాలు, చిన్న సినిమాకి హీరో లేని లోటు సగం తీరిపోతుంది. పాటలకి డబ్బు లేకపోయినా, పబ్లిసిటీకి అసలే లేకపోయినా, జనం టీవీలో చూసిన హంతకుడు కథలో ఉన్నాడంటే ట్రైలర్ ఫోన్ల మీద దానంతటదే తిరుగుతుంది. బెంగళూరు చుట్టుపక్కల దోపిడీలూ హత్యలూ చేసిన ముఠా మీద 2012లో కన్నడలో వచ్చిన 'దండుపాళ్య' తెలుగులోకి డబ్ అయి, ఇక్కడ స్టార్లనేవాళ్ళు ఎవరూ లేకుండానే ఆడింది. తర్వాత దానికి భాగాల మీద భాగాలు వచ్చాయి.

బడ్జెట్ తక్కువైతే సినిమా నాసిగా ఉంటుందన్న మాట నేను ఒప్పుకోను. నా బాధల్లా ఆ ఉన్న కాస్త డబ్బూ హంతకుడి ముఖం మీదే ఖర్చయిపోతోందని. ఒక లాడ్జి గది, ఒక ఎర్ర లైటు, వంకరగా నవ్వే నటుడు, వాడి చిన్నతనం మీద ఒక ఫ్లాష్‌బ్యాక్. తియ్యడం తేలిక, చవక. నిజంగా జరిగిన కేసుల్లో మనల్ని భయపెట్టాల్సిన సంగతి మాత్రం ఆ గదిలో దొరకదు.

మన గోదావరి జిల్లాల కేసే చూడండి. 2019 నవంబర్‌లో ఏలూరులో పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. 2018 ఫిబ్రవరి నుంచి 2019 అక్టోబర్ దాకా కృష్ణా, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పది మందిని సైనైడ్ కలిపిన ప్రసాదంతో చంపాడన్నది అభియోగం. గుప్త నిధులు చూపిస్తానని, రైస్ పుల్లింగ్ కాయిన్ (బియ్యం గింజల్ని లాగుతుందనీ అదృష్టం తెస్తుందనీ చెప్పే నాణెం) ఇప్పిస్తానని నమ్మించి, నగదూ బంగారమూ తెప్పించుకుని, ప్రసాదం చేతిలో పెట్టేవాడని పోలీసులు చెప్పారు. చనిపోయినవాళ్ళలో అతని సొంత బంధువులు కూడా ఉన్నారన్నారు.

ఇరవై నెలలు, మూడు జిల్లాలు, పది చావులు. వాటిలో చాలావాటిని ఇంట్లోవాళ్ళు గుండెపోటే అనుకున్నారు. అనుకోక ఏం చేస్తారు? ఒంటి మీద గాటు లేదు. మన పల్లెల్లో మనిషి ఉన్నట్టుండి పడిపోతే ఏమవుతుందో అందరం చూసిందే. ఆర్‌ఎంపీ వచ్చి నాడి పట్టుకుని "హార్ట్ ఎటాక్ అండీ" అంటాడు. బంధువులకి ఫోన్లు వెళ్తాయి. చీకటి పడేలోగా దహనం అయిపోవాలని తొందర. పోస్ట్‌మార్టం అన్న మాట ఎవరన్నా ఎత్తితే, పోయినవాణ్ణి మళ్ళీ కోయించడం ఎందుకురా అని పెద్దవాళ్ళు అడ్డుపడతారు. అనుమానం ఉందని ఒకరు స్టేషన్‌కి వెళ్ళి చెబితేనే శవ పంచనామా, ఆ తర్వాతే మిగతాదంతా. పైగా నిధి ఆశతో వెళ్ళే మనిషి ఆ సంగతి ఇంట్లో చెప్పి వెళ్ళడు. తెలిసినవాళ్ళు కూడా నలుగురిలో పరువు పోతుందని నోరు విప్పరు.

చివరికి కేసు ఎలా బయటపడింది? ఏలూరులో చనిపోయిన ఒక టీచర్ ఇంటి నుంచి తీసుకెళ్ళిన డబ్బూ నగలూ కనిపించకపోయేసరికి ఆ కుటుంబానికి అనుమానం వచ్చింది, ఫిర్యాదు చేశారు. ఆ ఒక్క ఇల్లు ఊరుకోలేదు కాబట్టి మిగతా చావులు కూడా అనుమానాస్పద చావులుగా లెక్కలోకి వచ్చాయి.

నాకు ఇందులో కనిపించే సినిమా ఇదే. దీనికి సెట్లు అక్కర్లేదు. కాలవ గట్టు, పెంకుటిల్లు, అరుగు మీద కూర్చున్న బంధువులు, ఒక జిల్లాలో చావు సంగతి పక్క జిల్లాకి తెలియని స్టేషన్లు. చిన్న బడ్జెట్‌కి ఇంతకంటే అనువైన కథ ఉండదు. కేరళలో ఒక కోడలి మీద సైనైడ్ అభియోగం వచ్చిన కూడత్తాయి కేసు బయటపడింది కూడా అదే 2019 అక్టోబర్‌లో. 2002 నుంచి 2016 మధ్య ఒకే బంధువర్గంలో ఆరు చావులు, పోస్ట్‌మార్టం జరిగింది ఒక్కరికే. వారాలు తిరక్కుండానే సినిమాలు, సీరియళ్ళు ప్రకటించేశారు. వాటిని ఆపమని ఆ కుటుంబం కోర్టుకెక్కాల్సి వచ్చింది.

హంతకుడి కోణంలో కథ చెబితే ఇంకో ప్రమాదం ఉంది. వాడు చెప్పిందే నిజమైపోతుంది. అమెరికాలో హెన్రీ లీ లూకాస్ అనేవాడు వందల హత్యలు చేశానని ఒప్పుకున్నాడు. వాడి కథ ప్రేరణతో 1986లో సుమారు 1.1 లక్షల డాలర్లతో ఒక సినిమా తీశారు. తక్కువ డబ్బుతో సినిమా ఎలా తీయాలో నేర్చుకోడానికి ఇప్పటికీ దాన్ని చూపిస్తారు. కానీ లూకాస్ ఒప్పుకోళ్ళలో చాలావరకు అబద్ధాలని తర్వాత తేలింది. ఒక కేసులో హత్య జరిగినప్పుడు అతను వేరే రాష్ట్రంలో ఉన్నాడన్న ఆధారాలు రావడంతో 1998లో మరణశిక్షను యావజ్జీవంగా మార్చారు. మన దగ్గర నిఠారీ సంగతి, అంటే ఢిల్లీ పక్కన నోయిడాలో పిల్లల వరుస హత్యల కేసు, ఇంకా కలవరపెడుతుంది. 2023 అక్టోబర్‌లో అలహాబాద్ హైకోర్టు ఆ కేసులో నిందితుడు సురీందర్ కోలీని పన్నెండు కేసుల్లో నిర్దోషి అంది. మరుసటి ఏడే ఆ ఘటనల ప్రేరణతో ఓటీటీలో సినిమా వచ్చింది. 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు మిగిలిన ఒక్క కేసులోనూ అతన్ని విడిచిపెట్టింది. సినిమా చూసినవాళ్ళ మనసులో పడ్డ ముద్రని ఏ తీర్పు చెరుపుతుంది?

కాబట్టే ఏలూరు కేసు గురించి రాస్తూ నేను 'పోలీసులు చెప్పారు' అని మళ్ళీమళ్ళీ అంటున్నాను. స్క్రిప్టులో ఆ మాటకి చోటుండదు. పోస్టర్ మీద 'నిజం' అని, తెర మీద మొదటి కార్డులో 'అంతా కల్పితం' అని వేసి రెండు వైపులా తప్పించుకుంటారు.

చట్టం కూడా నిర్మాతకి కొంత వెసులుబాటు ఇచ్చింది. 1994లో తమిళనాడులో వరుస హత్యల కేసులో శిక్షపడ్డ ఆటో శంకర్ ఆత్మకథ వివాదంలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, కోర్టు రికార్డుల్లాంటి పబ్లిక్ రికార్డులో ఉన్నది ప్రచురించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లైంగిక దాడి బాధితుల వివరాలకి మాత్రం మినహాయింపు ఉంది. ఆ రికార్డు దాటి ఒకరి ఇంటి లోపలి జీవితంలోకి వెళ్తే అనుమతి కావాలని కూడా అదే తీర్పు చెప్పింది. ఈ రెండో సగం మన సినిమా ఆఫీసుల్లో ఎవరికీ గుర్తుండదు.

పేర్లు మార్చాం కదా అంటారు. ఏలూరు, టీచర్, ప్రసాదం. ఈ మూడు మాటలు చాలు, అది ఎవరి ఇల్లో ఇక్కడ చాలామందికి తెలుస్తుంది. ఆ ఇంటి పిల్లలు సంబంధాలకీ ఉద్యోగాలకీ ఈ ఊళ్ళ మధ్యే తిరగాలి. రెండు నెలలు లొకేషన్లు వెతికేవాళ్ళు, ఆ పది ఇళ్ళలో ఎవరు తలుపు తీస్తే వాళ్ళ ముందు కూర్చుని కథ చదివి వినిపించాలి. వద్దన్న ఇంటి భాగాన్ని స్క్రిప్టులోంచి తీసెయ్యాలి. అడ్వాన్సులు ఇవ్వడానికి ముందే జరగాల్సిన పని ఇది.