40 గజాల స్టాప్‌వాచ్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ స్టాప్‌వాచ్ గారికి,
లూకస్ ఆయిల్ స్టేడియం, ఇండియానాపొలిస్.

ఉభయకుశలోపరి. తమరు కులాసాగానే ఉంటారని తెలుసు. సూపర్ బౌల్ అనే ఫైనల్ ముగిసి పట్టుమని నెల తిరక్కుండానే 32 జట్ల జనరల్ మేనేజర్లు, కోచ్‌లు, స్కౌట్‌లు, డాక్టర్లు మూటాముల్లె సర్దుకుని తమరి దర్శనానికి వచ్చేస్తారు. అంతటి మర్యాద జరుగుతుంటే కులాసాకేం లోటు?

మధ్యలో ఈ ఉత్తరం చదివే మా వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకోవాలి, తమరు ఓపిక పట్టండి. ఇది అమెరికన్ ఫుట్‌బాల్ గొడవ. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ కుర్రాళ్ళని డ్రాఫ్ట్‌లో వంతులవారీగా ఎంచుకుంటాయి. ఏడు రౌండ్లు. కిందటి ఏడాది బాగా ఓడినవాళ్ళది మొదటి వంతు. ఎంత ముందు ఎంపికైతే జీతం అంత ఎక్కువ. దానికి ముందు ఇండియానాపొలిస్‌లో కంబైన్ అని ఒక పరీక్ష పెడతారు. ఎత్తు, బరువు, అరచెయ్యి కొలుస్తారు, గెంతిస్తారు, 102 కిలోల బరువు ఎన్నిసార్లు ఎత్తగలడో లెక్కపెడతారు. వీటన్నిటికీ మకుటం తమరు కొలిచే 40 గజాల పరుగు.

ఆ పరుగు చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. కుర్రాడి చొక్కా మీద ఆడే స్థానం తాలూకు అక్షరాలూ ఒక నంబరూ ఉంటాయి. ఒంటికి అతుక్కుపోయిన బట్టలు. తెల్లగీత మీద వేళ్ళు ఆనించి, నడుం పైకెత్తి, ఊపిరి బిగబట్టి ఒక్క క్షణం శిలలా ఉంటాడు. ఒళ్ళు కదిలీ కదలగానే ఇక్కడ ఒక మనిషి మీట నొక్కుతాడు. అవతలి గీత దగ్గర ఎలక్ట్రానిక్ కన్ను ఆపుతుంది. మొదలు మనిషి వేలితో, ముగింపు మిషనుతో. ఈ కలగాపులగం లెక్కలో సెకనులో నూరోవంతు అటూ ఇటూ అయితే కొన్ని లక్షల డాలర్లు అటూ ఇటూ అవుతాయి. ఆ పరుగులో బంతి లేదు, హెల్మెట్ లేదు, భుజాలకి ప్యాడ్లు లేవు, ఎదురొచ్చి గుద్దేవాడు అసలే లేడు. ఈ మొత్తం తతంగానికి అమెరికావాళ్ళే ‘లోదుస్తుల ఒలింపిక్స్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

40 గజాలే ఎందుకంటే, క్లీవ్‌లాండ్ కోచ్ పాల్ బ్రౌన్ పేరు చెబుతారు. పంట్ కొడితే, అంటే బంతిని ఎదుటి జట్టువైపు దూరంగా తంతే, అది దాదాపు అంత దూరం పోయేదట. మనవాడు దాని వెనకాలే ఎంత తొందరగా చేరుకుంటాడో చూసుకోవడానికి ఆ కొలత పెట్టుకున్నారు. కారణం ఉన్న కొలతే. పంట్ సంగతి అందరూ మరిచిపోయారు, తమరు మాత్రం మిగిలారు. ఇప్పుడు 140 కిలోల లైన్‌మన్‌ని కూడా తమరి ముందు పరిగెత్తిస్తున్నారు. మ్యాచ్‌లో ఆయన పని ఎదుటివాడిని రెండు అడుగుల చోటులో ఆపి నిలబెట్టడం. ఆయన 40 గజాలు పరిగెత్తాల్సి వచ్చిందంటే అప్పటికే మైదానంలో ఏదో ఘోరం జరిగిపోయిందని అర్థం.

2018లో ఓర్లాండో బ్రౌన్ జూనియర్ అలాగే పరిగెత్తాడు, పాపం. ఓక్లహోమా కాలేజీ తరఫున ఆడి దేశంలోనే మేటి అనిపించుకున్నవాడు. తమరు 5.85 సెకన్లు చూపించారు. బరువు 14 సార్లే ఎత్తాడు. అంతే, పెద్దమనుషులు ముఖాలు తిప్పేసుకున్నారు. మూడో రౌండ్‌లో 83వ వంతు దాకా జారితే బాల్టిమోర్ రేవెన్స్ తీసుకుంది. రెండో ఏడాది నుంచే ప్రో బౌల్ అనే తారల మ్యాచ్‌కి ఎంపికవుతూ వచ్చాడు, తర్వాత చీఫ్స్ జట్టులో చేరి సూపర్ బౌల్ ఉంగరం తొడుక్కున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని 40 గజాలు ఎంతసేపట్లో పరిగెత్తావని మైదానంలో ఎవరూ అడగలేదు.

ఇక తమరి వైభవానికి పరాకాష్ఠ 2017. జాన్ రాస్ అనే రిసీవర్ (విసిరిన బంతిని పరిగెత్తి పట్టేవాడు) 4.22 సెకన్లలో దూసుకుపోయి అప్పటి రికార్డు బద్దలుకొట్టాడు. ఆ ఏడాది తమ బూట్లు వేసుకుని రికార్డు కొడితే ఒక దీవి రాసిచ్చేస్తామని అడిడాస్ కంపెనీ చాటింపు వేసింది. రాస్ కాళ్ళకి నైకీ బూట్లున్నాయి, దీవి పోయింది. సిన్సినాటి బెంగాల్స్ మాత్రం తొమ్మిదో వంతులో అతన్ని ఎగరేసుకుపోయింది. మొదటి సీజన్ మొత్తం మీద అతను పట్టిన బంతులు సున్నా. ఒక్కసారి చేతికిచ్చి పరిగెత్తమంటే బాగానే పరిగెత్తాడు గానీ, బంతి జారవిడిచాడు.

అదే డ్రాఫ్ట్‌లో, అదే స్థానానికి, ఈస్టర్న్ వాషింగ్టన్ అనే చిన్న కాలేజీ నుంచి కూపర్ కప్ వచ్చాడు. నాలుగేళ్ళలో 428 బంతులు పట్టి 6,464 గజాలు సాధించి తన స్థాయిలో ఉన్న రికార్డులన్నీ తిరగరాసి వచ్చాడు. తమరు అతనికి 4.62 చూపించారు. ఇంకేముంది, 69వ వంతు. 2021లో ఒక్క సీజన్‌లో 145 బంతులు, 1,947 గజాలు, ఆపైన సూపర్ బౌల్‌లో మేటి ఆటగాడి బహుమతి. రాస్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొత్తం పట్టినవన్నీ కలిపినా కప్ ఆ ఒక్క ఏడాది పట్టినవాటిలో సగం లేవు. నిజం చెప్పాలంటే రాస్‌ని గాయాలు వదల్లేదు, కాలేజీ చివరి ఏడాది 17 టచ్‌డౌన్లు పట్టినవాడే. కానీ తొమ్మిదో వంతు ఇప్పించింది ఆ 17 కాదు, ఆ 4.22 అని తమరికీ తెలుసు, నాకూ తెలుసు.

తమరి భక్తాగ్రేసరుడు ఓక్లాండ్ రైడర్స్ యజమాని, దివంగత ఆల్ డేవిస్. ఆయనకి వేగమంటే ప్రాణం. 2009లో మైకేల్ క్రాబ్‌ట్రీ ఉన్నాడు, దేశంలో మేటి రిసీవర్‌కిచ్చే బహుమతి వరసగా రెండుసార్లు కొట్టినవాడు. కాలి ఎముకలో పగులు వల్ల తమరి ముందు పరిగెత్తలేకపోయాడు. డారియస్ హేవార్డ్-బే 4.30లో పరిగెత్తాడు. డేవిస్ గారు ఏడో వంతులో హేవార్డ్-బేని తీసుకున్నారు, క్రాబ్‌ట్రీ పదో వంతులో పక్క ఊరు శాన్‌ఫ్రాన్సిస్కోకి వెళ్ళాడు. మొదటి ఏడాది హేవార్డ్-బే పట్టినవి తొమ్మిది. 2013లో రైడర్స్ అతన్ని వదిలేసుకుంది. 2015లో అదే రైడర్స్ క్రాబ్‌ట్రీని పిలిచి సంతకం పెట్టించుకుంది! ఆరేళ్ళ కిందట డ్రాఫ్ట్‌లో చేతికందినవాడే మరి.

తమరిని మచ్చిక చేసుకునే విద్య కూడా ఉందని కనిపెట్టినవాడు మైక్ మముల. 1995లో కంబైన్‌లో ఏమేం చేయిస్తారో ముందే తెలుసుకుని, సరిగ్గా వాటినే సాధన చేసి వచ్చాడు. ఎంసెట్ కోచింగుల్లో నలిగిన మా తెలుగువాళ్ళకి ఈ కిటుకు విడమర్చి చెప్పక్కర్లేదు, సబ్జెక్టు సంగతి దేవుడెరుగు, పేపర్ ప్యాటర్న్ వస్తే చాలు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ ముగ్ధులైపోయి, తమ 12వ వంతుతోపాటు రెండో రౌండ్ వంతులు రెండు టాంపాబేకి సమర్పించుకుని, ఏడో వంతుకి ఎగబాకి అతన్ని తీసుకుంది. ఆ 12వ వంతులో టాంపాబే తీసుకున్నది వారెన్ శాప్‌ని. శాప్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాడు. (డ్రగ్ టెస్టుల పుకార్ల వల్ల కూడా శాప్ జారాడు, ఆ పాపం తమరి ఖాతాలో వెయ్యను.) మముల మరీ తీసిపారేయాల్సినవాడేం కాదు, 31.5 శాక్‌లు (బంతి విసిరేవాడిని విసరకముందే పడగొట్టడం) చేశాడు. ఇప్పుడైతే అందరూ అతని బాటే. కాలేజీ సీజన్ ముగియగానే ఏజెంట్లు కుర్రాళ్ళని శిక్షణ కేంద్రాల్లో చేర్పిస్తారు. అక్కడ వారాల తరబడి నేర్చుకునేది గీత మీద చెయ్యి ఎలా ఆనించాలి, మొదటి అడుగు ఎలా వెయ్యాలి అని. ఫుట్‌బాల్ ఆడటానికి వాళ్ళకి తీరికెక్కడిది?

ఇంతకీ పెద్ద తలకాయలన్నీ ఇలా ఎందుకు చేస్తాయని చాలా ఏళ్ళు బుర్ర గోక్కున్నాను. వేగం నేర్పలేం, మిగతావి నేర్పుకోవచ్చు అని ఒక మాట అంటారు. ఆ మిగతావి ఏమిటయ్యా అంటే, బంతి పట్టడం, డిఫెన్స్ ఎటు కదులుతోందో ఒక్క చూపులో చదవడం, మీద పడేవాడిని లెక్కచేయకుండా నిలబడటం. కుర్రాడు ఎనిమిదో ఏట నుంచీ నేర్చుకుంటున్నా పూర్తికాని విద్య. మా కోచ్ గారు ఎండాకాలం శిబిరంలో పూర్తి చేయిస్తారట. అసలు గుట్టు ఇక్కడుంది. ఆట వచ్చినవాడిని తెస్తే, గెలిచిన ఘనత వాడిదే. ఆట రానివాడిని తెచ్చి మలిస్తే ఘనత కోచ్‌ది. ప్రతి కోచ్‌కీ తానొక శిల్పినని లోలోపల ఒక నమ్మకం, బండరాయి దొరికితే చాలు.

పైగా నాలుగేళ్ళు ఆడినవాడి మీద నాలుగేళ్ళ వీడియో ఉంటుంది. ఎక్కడ తడబడ్డాడో, ఏ బంతి వదిలాడో అన్నీ కనిపిస్తాయి. ‘వీడు ఎదగాల్సినంతా ఎదిగిపోయాడు’ అని ఒక ముద్ర కొట్టేస్తారు, ఎదగడం కూడా నేరమైనట్టు. ఆడనివాడి మీద ఏ మచ్చా ఉండదు. తప్పు చెయ్యాలంటే ముందు ఆడాలి కదా! వాడి ‘సీలింగ్’, అంటే ఎదగగల హద్దు, ఆకాశమని టీవీలో పొగుడుతుంటారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

తమరి అసలు ఉద్యోగం మాత్రం జామీను ఇవ్వడం. నెమ్మదిగా పరిగెత్తే మంచి ఆటగాడిని తీసుకుని దెబ్బతింటే జనరల్ మేనేజర్‌ని బుద్ధిలేనివాడంటారు. 4.2 సెకన్లవాడు దెబ్బతింటే ‘అలాంటివాడిని ఎవరు వదులుతారండీ’ అని తప్పించుకోవచ్చు. అంకె తప్పు, మనిషిది కాదు.

తమరు కొలువుండే ఇంటి సంగతే చూడండి. లూకస్ ఆయిల్ స్టేడియం ఇండియానాపొలిస్ కోల్ట్స్‌ది. 2023 కంబైన్‌లో అక్కడే ఫ్లోరిడా కాలేజీ క్వార్టర్‌బ్యాక్ (జట్టులో బంతి విసిరేవాడు) ఆంథనీ రిచర్డ్‌సన్ నిలుచున్నచోటు నుంచి పైకి 40.5 అంగుళాలు గెంతాడు. క్వార్టర్‌బ్యాక్‌లలో కంబైన్ రికార్డు అది. పరుగు 4.43. కాలేజీలో మొదటినుంచి బరిలోకి దిగిన మ్యాచ్‌లు 13. విసిరిన నూరు పాసుల్లో చేరినవి 55 కూడా లేవు. కోల్ట్స్ నాలుగో వంతులో తీసుకుంది. మొదటి ఏడాది భుజానికి దెబ్బ తగిలింది, అది ఎవరి చేతిలోనూ లేదు. రెండో ఏడాది పాసులు చేరిన శాతం 48 లోపే. మధ్యలో అతన్ని కూర్చోబెట్టి 39 ఏళ్ళ జో ఫ్లాకోని ఆడించారు. 2025 సీజన్ మొదలయ్యేసరికి ఆ స్థానం డేనియల్ జోన్స్‌కి ఇచ్చేశారు. ఆ కుర్రాడిని నేను తప్పుపట్టను. ఇంకో ఏడాది కాలేజీలో ఆడుకోవాల్సిన పిల్లవాడిని తెచ్చి సింహాసనం మీద కూర్చోబెట్టినవాళ్ళని అడగాలి. గెంతు చూసి మురిసిపోయారు గానీ, బంతి విసిరేది కాళ్ళతో కాదని ఆ గదిలో ఒక్కరికీ తోచలేదు.

టామ్ బ్రేడీ 5.28, 199వ వంతు, ఏడు సూపర్ బౌల్‌లు. ఆ కథ అరిగిపోయింది, వదిలేద్దాం. నాకు రిసీవర్ ఆంక్వాన్ బోల్డిన్ ఇష్టం. 2003లో 4.7 దాటాడు, 54వ వంతు. మొదటి మ్యాచ్‌లోనే 217 గజాలు, ఏడాది తిరిగేసరికి 101 బంతులు. పట్టినవాటిలో సగం మీద ఇద్దరేసి వేలాడుతుండగా పట్టాడు. దానికి గడియారం లేదు.

తమరి పక్షాన కూడా సాక్షులున్నారు, దాచను. క్రిస్ జాన్సన్ 2008లో 4.24 పరిగెత్తాడు, మరుసటి ఏడాది మైదానంలో 2,006 గజాలు పరిగెత్తాడు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో కౌబాయ్స్ హెడ్‌క్వార్టర్స్ చుట్టుపక్కలే ఇళ్ళు కొనుక్కున్న మా తెలుగువాళ్ళకి బాబ్ హేస్ పేరు వినిపించే ఉంటుంది. 1964 టోక్యోలో 100 మీటర్ల బంగారం, ఆపైన కౌబాయ్స్‌తో సూపర్ బౌల్ ఉంగరం. కానీ హేస్ కాలేజీలో ఫుట్‌బాల్ ఆడినవాడు. నాలుగేళ్ళ తర్వాత మెక్సికోలో అదే బంగారం గెలిచిన జిమ్ హైన్స్‌ని మయామి డాల్ఫిన్స్ తీసుకుంది. ప్రపంచంలోకెల్లా వేగమైన కాళ్ళు, బంతి మాత్రం చేతిలో నిలవదు. ‘ఊప్స్’ అని పేరు పడిపోయింది. తమరిద్దరికీ 1968లోనే పరిచయం ఉండి ఉంటే అతన్ని మొదటి రౌండ్‌లోనే ఎత్తుకుపోయేవారు. తమరి కంబైన్ అప్పటికి పుట్టకపోబట్టి ఆరో రౌండ్‌తో సరిపోయింది.

తమరిని పదవి దిగమని అడిగేంత ధైర్యం నాకు లేదు. ఒకటే మనవి. వచ్చే ఫిబ్రవరిలో కుర్రాడు గీత దాటి రొప్పుతూ వెనక్కి నడిచి వస్తాడు కదా, స్క్రీన్ మీద అంకె వేసేముందు ఒక్క అర నిమిషం పాడైపోయినట్టు నటించండి. ఆ ఖాళీలోనైనా పైన కూర్చున్న పెద్దమనుషులు విసుగెత్తి, ఒళ్ళో ఉన్న ట్యాబ్లెట్‌లో అతని పాత మ్యాచ్ వీడియో తెరుస్తారేమో చూద్దాం.

ఇట్లు,
డ్రాఫ్ట్ రాత్రి రిమోట్ విసిరికొట్టే ఒక విధేయుడు

తా.క.: అడిడాస్ వారి ఆ దీవి ఇంకా ఖాళీగానే ఉంటే చెప్పండి. మా జట్టు జనరల్ మేనేజర్‌ని పంపించేస్తాం. ఆయనకి పరుగు పెట్టక్కర్లేదు.