ఇచ్చిన యాక్సెస్ వెనక్కి ఎవరు తీసుకోవాలి?

పోయిన మంగళవారం మా ఆఫీసు నుంచి మూడు కొటేషన్లు తప్పుడు రేట్లతో వెళ్లిపోయాయి. రాణిగంజ్‌లో షోరూమ్, బాలానగర్‌లో గోడౌన్, పంపులూ వాల్వులూ అమ్మే సంస్థ మాది. స్టాఫ్ 60 మంది లోపే. కంప్యూటర్లు, సర్వర్, మెయిల్ అన్నీ చూసుకునేది నేను. రెండంగుళాల గేట్ వాల్వుకి అరంగుళం దాని రేటు పడిందంటే ముందు టైపింగ్ తప్పనుకున్నాం. అందరం ఆన్‌లైన్‌లో వాడే రేట్ల షీట్ తెరిచి చూస్తే ఐటమ్ పేర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, రేట్ల కాలమ్ ఒక్కటే తక్కువ నుంచి ఎక్కువకి వరసగా పేర్చి ఉంది. ఎవరో ఆ ఒక్క కాలమ్ సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టారు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపించే వెర్షన్ హిస్టరీ తెరిచాను. అక్కడున్న పేరు చూసి కాసేపు మాట రాలేదు. ఎనిమిది నెలల కిందట మా దగ్గర మానేసిన సేల్స్ కుర్రాడిది.

ఫోన్ చేశాను. "సారీ అన్నా, కొత్త ఆఫీసులో ఇలాంటి ఫార్మాట్ కావాలన్నారు, కాపీ తీసుకుని చేద్దామనుకున్నా, అసలు షీట్‌లోనే చేసేసినట్టున్నా" అన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. అతన్ని ఏమీ అనలేదు, అనాల్సి వస్తే మమ్మల్నే అనాలి. అతను మానేసిన రోజు హెచ్‌ఆర్ వాళ్లు ఐడీ కార్డు, సిమ్, బండి తాళం అన్నీ తీసుకున్నారు. సాయంత్రానికల్లా నేను కంపెనీ మెయిల్ ఆపేశాను. కానీ అంతకు ఏడాది ముందు ఒక ఆదివారం "ఇంట్లోంచి రేట్లు చూడాలి, అర్జెంట్" అని అడిగితే మేనేజరు గారు అతని సొంత జీమెయిల్‌ని ఆ షీట్‌కి ఎడిటర్‌గా, అంటే మార్చే హక్కుతో, కలిపారు. చూడటానికైతే వ్యూయర్‌గా పెట్టినా సరిపోయేది. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు, ఏ కాగితం మీదా లేదు.

ఈ పనిలో నాకు 14 ఏళ్లు. ఎక్కడ పనిచేసినా ఇదే చూశాను. యాక్సెస్, అంటే ఫైళ్లు తెరిచే హక్కు, కావాలంటే పది నిమిషాల్లో ఇచ్చేస్తారు, ఇవ్వకపోతే ఫోన్ మీద ఫోన్ వస్తుంది. అవసరం తీరాక "ఇక తీసేయండి" అని ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చేయలేదు. ఇవ్వడం నా పని. తీయడం ఎవరి పనో అడిగితే హెచ్‌ఆర్ ఐటీ వైపు చూస్తుంది, ఐటీ మేనేజరు వైపు చూస్తుంది, మేనేజరుకి అసలు అలాంటి పని ఒకటుందనే తెలియదు.

మా గోడౌన్‌లోంచి డ్రిల్లింగ్ మెషిన్ ఒకటి సైటుకి వెళ్లాలంటే రిటర్నబుల్ గేట్‌పాస్ రాయాలి. ఎవరు తీసుకెళ్తున్నారు, ఎందుకు, ఎప్పుడు తిరిగొస్తుంది, ఎవరి సంతకం, అన్నీ ఉంటాయి. నెలాఖరుకి సెక్యూరిటీ ఆయన పెండింగ్ పాసులు పట్టుకుని గట్టిగా అడుగుతూ తిరుగుతాడు, అతన్ని చూసి సేల్స్ వాళ్లు పక్కకి తప్పుకుంటారు. ఆ మెషిన్ ఖరీదు నాలుగైదు వేలు. మా డీలర్ రేట్లు, మార్జిన్లు, పార్టీల బకాయిలు ఉన్న ఫోల్డర్‌కి మాత్రం ఏ పాసూ లేదు. వస్తువు బయటికెళ్తే అది ఉన్న చోటు ఖాళీగా కనిపిస్తుంది, ఫైల్ వెళ్తే ఇక్కడిది ఇక్కడే ఉంటుంది కాబట్టి ఎవరికీ అడగాలనిపించదేమో.

సర్వర్‌లో పాత ఫోల్డర్ ఏదైనా తీసుకుని ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ తెరవండి. నేను ఇక్కడ చేరిన కొత్తలో తెరిస్తే మనుషుల పేర్ల మధ్య "అకౌంట్ అన్‌నోన్" అనీ, పక్కన ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడవాటి నంబర్లూ వరసగా కనిపించాయి. మానేసినవాళ్ల అకౌంట్లు డిలీట్ చేశారు, ఫోల్డర్ మీద వాళ్లకిచ్చిన పర్మిషన్ అలాగే వదిలేశారు, పేరు పోయి నంబరు మిగిలింది. ఆ నంబర్లతో ఎవరూ లోపలికి రాలేరు, ఆ భయం అక్కర్లేదు. అవి ఎందుకు అన్ని పేరుకున్నాయన్నదే నా బాధ. ప్రతి పర్మిషన్ మనిషి పేరు మీద ఇస్తూ వచ్చారు. సేల్స్, కొనుగోళ్లు, అకౌంట్స్ అని గ్రూపులు పెట్టి ఫోల్డర్ హక్కు గ్రూపుకే ఇస్తే, మనిషి మారినప్పుడు గ్రూపులోంచి ఒక్క పేరు తీస్తే సరిపోతుంది. వ్యక్తులకి విడివిడిగా ఇస్తే వంద ఫోల్డర్లు తిరగాలి. అంత ఓపిక ఎవరికుంటుంది?

ఇంకో జబ్బు ఫుల్ కంట్రోల్ అనే పర్మిషన్. ఫైళ్లు తెరవడం, మార్చడం, సేవ్ చేయడం, అవసరమైతే తీసేయడం, వీటన్నిటికీ మాడిఫై అనే పర్మిషన్ చాలు. ఫుల్ కంట్రోల్ ఇస్తే ఆ మనిషి వేరేవాళ్లకి పర్మిషన్లు ఇవ్వగలడు, తీసేయగలడు, ఓనర్‌షిప్ కూడా తనమీదకి మార్చుకోగలడు. "పని ఆగిపోతోంది, మొత్తం టిక్ పెట్టెయ్" అన్న ఒక్క మాటకి ఎన్ని ఆఫీసుల్లో ఆ టిక్ పడిందో!

ఇక్కడ అసలు చిక్కు కంప్యూటర్‌ది కాదు, మనసుది. మా అకౌంట్స్ సార్ 22 ఏళ్లుగా ఇక్కడే ఉన్నారు. పాత సంవత్సరాల ఫోల్డర్లు చదవడానికి మాత్రమే ఉంచి, మార్చే హక్కు తీసేస్తానని నిరుడు అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి "అంటే బాబూ, ఇన్నేళ్లకి నా మీద నమ్మకం పోయిందా?" అన్నారు. నాకు చాలా కష్టంగా అనిపించింది. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాను. ఆ మధ్య 2021-22 జీఎస్టీ ఫోల్డర్ కనిపించక రోజంతా వెతికాం కదా సార్, ఎవరిదో మౌస్ జారి పక్కనున్న ట్రాన్స్‌పోర్ట్ ఫోల్డర్‌లోకి వెళ్లి కూర్చుంది, అది చేసినవాళ్లు మోసగాళ్లు కాదు, చెయ్యి జారింది అంతే అన్నాను. తర్వాత రాన్సమ్‌వేర్ అనే, డబ్బు గుంజే వైరస్ సంగతి చెప్పాను. మెయిల్‌లో వచ్చిన దొంగ బిల్లు ఒకటి తెరిస్తే, ఆ లాగిన్‌కి ఎక్కడెక్కడ రాసే హక్కు ఉందో అక్కడల్లా ఫైళ్లకి తాళం వేసేస్తుంది. లాగిన్ నిజాయితీపరుడిదా కాదా అని అది చూడదు. ఆయన కాసేపు ఆలోచించి "అయితే పాతవాటికి తీసెయ్, ఈ ఏడాదిది మాత్రం ఉంచు" అన్నారు.

ఎవరికైనా పనికి సరిపడా హక్కే ఉండాలన్న ఈ మాట నా సొంతం కాదు. 1975లోనే అమెరికాలోని ఎమ్ఐటీ యూనివర్సిటీలో సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు ఒక పేపర్‌లో రాశారు, ప్రతి ప్రోగ్రామూ ప్రతి యూజరూ తన పనికి కావలసినంత కనీస హక్కులతోనే పనిచేయాలని. మొత్తం తాళాలు దగ్గర పెట్టుకున్న ఐటీ వాడికి, అంటే నాకు కూడా అదే వర్తిస్తుంది. అందుకే నా రోజువారీ లాగిన్ వేరు, అడ్మిన్ లాగిన్ వేరు.

లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ గురించి కూడా చెప్పాలి. చాలా చోట్ల నలుగురు కూర్చునే అకౌంట్స్ రూములో ఒకటే లాగిన్, ఒకటే పాస్‌వర్డ్, అది మానిటర్ అంచున స్టిక్కర్ మీద రాసుంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి, ఏ ఎంట్రీ ఎప్పుడు మారిందో నమోదు కావాలి. నలుగురూ ఒకే లాగిన్ వాడితే ఆ లాగ్‌లో ప్రతి మార్పు పక్కనా ఆ ఒక్క పేరే ఉంటుంది. ఆడిటర్ అడిగితే ఎవరిని చూపిస్తారు? తప్పు చేయనివాళ్లు ముగ్గురూ అనుమానంలో పడతారు.

నన్ను అన్నిటికంటే కదిలించింది మాత్రం వేరే. డిస్పాచ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు నా సీటు దగ్గరికొచ్చి చాలా మెల్లగా "సార్, కామన్ డ్రైవ్‌లో నా ఆధార్ ఉంది, అందరికీ కనిపిస్తుందా?" అని అడిగింది. చూశాను. కామన్‌లో "స్టాఫ్ డాక్యుమెంట్స్" అని ఫోల్డర్. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఇంటి అడ్రస్, తండ్రి ఫోన్ నంబర్, స్టాఫ్ అందరివీ. స్కాన్ చేసినవాళ్లు తమ సౌకర్యం కోసం అక్కడ పెట్టారు, ఆ ఫోల్డర్ తెరవలేని మనిషి ఆఫీసులో లేడు. ఆ అమ్మాయి నిలబడి ఉండగానే దాన్ని హెచ్‌ఆర్ గ్రూపుకి తప్ప అందరికీ మూసేశాను. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో, తగిన భద్రత పెట్టక డేటా బయటపడితే జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చని ఉంది. ఓనర్ గారికి ఆ అంకె చెప్పాను, వెంటనే విన్నారు. కానీ నాకు ఆ అంకె కాదు గుర్తుండేది. ఎన్నాళ్లుగా ఆ అమ్మాయి ఈ మాట అడగాలా వద్దా అని లోపల పెట్టుకుందో అన్నదే.

ఇప్పుడు మేం చేస్తున్నది చిన్న పనే. ప్రతి ఫోల్డర్‌కీ ఆ డిపార్ట్‌మెంట్‌లో ఒక బాధ్యుడు, ఎవరికి ఉండాలో చెప్పేది ఆయనే, నేను కాదు. నెలలో ఒక శనివారం ఎవరెవరికి ఏ హక్కు ఉందో ప్రింటు తీసి వాళ్ల చేతికిస్తాను, చూసి సంతకం పెట్టాలి. బయటివాళ్ల జీమెయిళ్లయితే ఎప్పటిదాకా ఉండాలో తేదీ రాయకుండా కలపను. కంపెనీ ఫైళ్లు ఒకరి సొంత డ్రైవ్‌లో కాకుండా షేర్డ్ డ్రైవ్‌లో ఉండాలి, అక్కడ పెడితే మనిషి వెళ్లిపోయినా ఫైల్ సంస్థదిగానే ఉంటుంది.

మొన్న శనివారం మొదటి లిస్టు సేల్స్ మేనేజరు గారికిచ్చాను. రేట్ల షీట్‌కి 19 పేర్లు. ఎర్ర పెన్ను తీసుకుని ఏడు కొట్టేశారు. ఎనిమిదో పేరు దగ్గర ఆగి "ఈయనెవరు?" అని నన్నే అడిగారు. నాకూ తెలియలేదు. ఇద్దరం కూర్చుని పాత మెయిళ్లు తిరగేస్తే, మూడేళ్ల కిందట హైటెక్స్‌లో ఎగ్జిబిషన్ స్టాల్ కోసం నాలుగు రోజులు పనిచేసిన డిజైనర్ అని తేలింది. ఎడిటర్‌గా ఉన్నాడు. ఆ పేరూ తీసేశాను. ఇంకా కొనుగోళ్లు, అకౌంట్స్, గోడౌన్ లిస్టులు చూడాలి.